సంకల్పంలో ఊరు మారినప్పుడు

రెండు నెలల కిందటి మాట. మా పక్కింటి పిన్నిగారి అమ్మాయి అమెరికా ప్రయాణం. పెళ్లయి ఆరు నెలలైంది. వీసా రాగానే ఇంట్లో హడావిడి మొదలైంది. హాల్లో రెండు పెద్ద సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయి. ఒక్కోటీ 23 కిలోలకి మించకూడదు. పిన్నిగారు ఆవకాయ సీసా పెట్టి తూచడం, బరువెక్కువైందని కందిపొడి తీసెయ్యడం, మళ్లీ మనసొప్పక కందిపొడి పెట్టి రెండు చీరలు తీసెయ్యడం... పొద్దుటినించీ ఇదే పని.

"నువ్వక్కడ తొమ్మిదేళ్లు ఉండొచ్చావుగా! ఇంకేమైనా మర్చిపోయామేమో చూడమ్మా" అన్నారావిడ నాతో.

"కుక్కర్ గాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టండి పిన్నిగారూ" అని చెప్పి ఇంటికొచ్చేశాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను చెప్పాల్సింది గాస్కెట్ల సంగతి కాదు. పెట్టెలో ఏం పెట్టాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. అక్కడికి వెళ్లాక మనసుకి ఏమవుతుందో చెప్పేవాళ్లే ఉండరు. నేను వెళ్లేటప్పుడూ ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకైనా చెప్పాలి కదా అనిపించింది. ఒక్క పిల్లకే ఎందుకు, మన ఊళ్లలో ఏ వీధిలో చూసినా ఇలాంటి పెట్టెలు సర్దుతున్న తల్లి ఒకరుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి మంచు, మొదటి ఏడుపు

నేను 2010 నవంబరులో మిచిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గరున్న ఓ చిన్న ఊళ్లో దిగాను. తెనాలి పిల్లని. బీయస్సీ చదివి, రెండేళ్లు ఓ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. మొదటి నెలంతా సంబరమే. అద్దంలా మెరిసే రోడ్లు, కుళాయి తిప్పితే వేణ్ణీళ్లు, కొట్లో వంద రకాల బిస్కెట్లు! మొదటిసారి మంచు పడిన రోజున బాల్కనీలోకి పరుగెత్తి దోసిట్లో పట్టుకుని ఫొటో తీయించుకున్నాను. ఆ ఫొటో మా అమ్మ ఇరుగుపొరుగు అందరికీ చూపించిందట.

జనవరి వచ్చేసరికి ఆ మంచే గుండెల మీద పడ్డట్టయింది. అక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున ఎనిమిదయితేగాని సూర్యుడు రాడు. వచ్చినా మబ్బుల చాటునే. సాయంత్రం అయిదింటికల్లా చీకటి. ఆయన ఎనిమిదింటికి వెళితే మళ్లీ ఆరున్నరకి రావడం. నాకు కారు నడపడం రాదు. నడిచి వెళ్లేందుకు బజారు లేదు. పక్క ఫ్లాటు తలుపు తెరుచుకున్న శబ్దం వినిపిస్తే కళ్లజోడు కూడా సర్దుకోకుండా తలుపు దగ్గరికి వెళ్లి, సన్నటి కంతలోంచి మనిషి మొహం చూసేదాన్ని. మా తెనాలి ఇంట్లో పాలవాడు, కూరగాయలమ్మి, ఎదురింటి మామ్మగారు, పేపరు కుర్రాడు... పొద్దున తొమ్మిదయ్యేలోపు పదిమందితో మాటలయ్యేవి. ఇక్కడ వారానికి పదిమంది కూడా లేరు.

ఓ మధ్యాహ్నం పప్పులో పోపు పెడుతుంటే ఆ పొగకి పైకప్పుకున్న అలారం చెవులు పగిలేలా మోగింది. ఏం చెయ్యాలో తెలియక తువ్వాలుతో విసిరి విసిరి, అది ఆగాక వంటింటి నేల మీదే కూలబడి ఏడ్చాను. మన పోపు వాసనని కూడా ఈ ఇల్లు ఒప్పుకోదే అని! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు నవ్వు రాలేదు.

నాకు పిచ్చిగాని పట్టడంలేదు కదా అని భయపడ్డాను. అది పిచ్చి కాదని, దానికో పేరుందని చాలాకాలం తర్వాత లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను.

నాలుగు మెట్లు

కలర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో బ్రెజిల్ దేశంలో, రియో డి జనీరో నగరంలో ఓ మహిళా క్లబ్బులో ప్రసంగించారు. పరాయి దేశానికి వచ్చి కాపురం పెట్టిన ఆడవాళ్ల ముందు ఆయన మాట్లాడిన విషయం 'కల్చర్ షాక్'. ఈ మాట ఇంతగా ప్రచారంలోకి రావడానికి ఆ ప్రసంగమే పునాది. పలకరింపు, బేరం, నవ్వు, తలూపడం... ఇలాంటి రోజువారీ గుర్తులన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయినప్పుడు మనిషికి కలిగే కలవరం అది అన్నారాయన. నీళ్ల గురించి, తిండి గురించి అతిగా భయపడటం, ఊరికే చేతులు కడుక్కోవడం, చిన్నదానికి పెద్ద కోపం రావడం, ఎటో చూస్తూ కూర్చోవడం, ఇంటికి వెళ్లిపోవాలన్న తపన. ఇవీ లక్షణాలు.

దీనికి నాలుగు దశలుంటాయన్నారు. మొదట అంతా ముచ్చటగా ఉంటుంది. తర్వాత అన్నిటిమీదా కసి పుడుతుంది. ఆ పైన కొంచెం భాష, కొంచెం దారులు తెలిసి తేరుకుంటాం. చివరికి ఇదీ ఓ రకం బతుకే అని ఒప్పుకుంటాం. చదువుతుంటే ఎవరో నా జాతకం రాసినట్టనిపించింది. ఈ మెట్లు అందరూ ఒకే వరసలో ఎక్కరనుకోండి. రెండో మెట్టు మీద ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లనీ చూశాను.

చలిదేశాల్లో ఇంకో చిక్కుంది. వెలుతురు తగ్గే కాలంలో కొందరికి దిగులు కమ్ముకుంటుందని నార్మన్ రోజెన్‌థాల్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు 1984లో వివరించారు. దాన్ని ఋతువుని బట్టి వచ్చే డిప్రెషన్‌గా ఇవాళ డాక్టర్లు గుర్తిస్తున్నారు. ఏడాది పొడుగునా ఎండ కాసే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల, ఉన్నట్టుండి నాలుగు నెలల చీకట్లోకి వెళితే ఒళ్లూ మనసూ రెండూ తడబడతాయి. అది ఆ అమ్మాయి బలహీనత కాదు.

'డిపెండెంట్' అన్న మాట

ఉద్యోగం మీద వెళ్లే భర్తది హెచ్1బి వీసా అయితే, భార్యది హెచ్4. కాగితాల్లో ఆవిడని 'డిపెండెంట్' అంటారు. అంటే ఆధారపడినది. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. సోషల్ సెక్యూరిటీ నెంబరు ఇవ్వరు. గ్రీన్‌కార్డు ప్రయత్నంలో భర్త ఒక దశ దాటితే భార్య పనికి అనుమతి అడగవచ్చన్న నిబంధన 2015 మేలో వచ్చింది. అంతకుముందు అదీ లేదు. వీసా నియమాలు తరచూ మారుతూంటాయి కనుక ప్రయాణానికి ముందు తాజా సంగతులు కనుక్కోవడం మంచిది.

నా మటుకు నాకు ఆ ఒక్క మాటే ఎక్కువ గుచ్చుకుంది. పెళ్లికి ముందు నా జీతంతో నాన్నకి చొక్కా గుడ్డ కొన్నదాన్ని. ఇప్పుడు పది డాలర్ల వస్తువు కొనాలన్నా ఆయన కార్డే. ఆయన ఏమీ అనేవారు కారు పాపం. అనకపోయినా నాకే చిన్నతనంగా ఉండేది. నా పేరు మీద ఆ దేశంలో ఏముంది? కరెంటు బిల్లు కూడా లేదు.

నా పేరు అచ్చయిన మొదటి వస్తువు లైబ్రరీ కార్డు. దానికి డబ్బు అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు. అద్దె కాగితంలో నా పేరుంటే చాలింది. ఆ కార్డు పట్టుకుని ఇంటికొచ్చిన రోజు పండగలా పాయసం చేశాను. ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు చేసుకోవడానికి అక్కడ ఉచితంగా కూర్చోబెట్టి మాట్లాడించే పెద్దవాళ్లుండేవారు. ఆ లైబ్రరీ బల్ల మీదే నా మొదటి కథ రాశాను, తెలుగులో. రెండో వస్తువు డ్రైవింగ్ లైసెన్సు. మూడుసార్లు పరీక్ష తప్పి నాలుగోసారి తెచ్చుకున్నాను. ఆ తర్వాత కాని నాకు ఆ ఊరి దారులు తెలియలేదు. దారి తెలిసిన ఊరు మీద కసి అంతగా ఉండదు, చిత్రం!

చచ్చిపోయిన తులసి

2011 వేసవిలో గుళ్లో పరిచయమైన ఓ పెద్దావిడ నాకు తులసి మొక్క ఇచ్చారు. ప్లాస్టిక్ కుండీలో పెట్టి, చుట్టూ ముగ్గు వేసి, రోజూ దీపం పెట్టేదాన్ని. మొదటిసారి ఆ ఇల్లు ఇల్లులా కనిపించింది. అక్టోబరులో ఓ రాత్రి గడ్డకట్టే చలి వచ్చింది. తెల్లారి చూస్తే తులసి నల్లగా వడలిపోయి ఉంది.

నా గుండె జారిపోయింది. ఏదో కీడు జరగబోతోందనుకున్నాను. అమ్మకి చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు. ఆ పెద్దావిడకే ఫోన్ చేసి గొల్లుమన్నాను.

ఆవిడ డాక్టరు గారి భార్యగా 1974లో ఆ దేశం వచ్చారు. అమెరికా 1965లో వలస చట్టం మార్చాక మన డాక్టర్లు, ఇంజనీర్లు ఎక్కువగా వెళ్లిన కాలం అది. అప్పట్లో ఉత్తరం చేరాలంటే పది పదిహేను రోజులు. గోంగూర కాదు కదా కందిపప్పు దొరకడమే కష్టం. చుట్టుపక్కల గుడి అన్నది లేదు. బట్టల అలమరలో ఓ అరలో వెంకటేశ్వరస్వామి క్యాలెండరు బొమ్మ పెట్టుకుని పూజ చేసుకునేవారట. 1976లో పిట్స్‌బర్గ్ దగ్గర వెంకటేశ్వరస్వామి గుడి వెలిశాక, అయిదు గంటలు కారులో వెళ్లి స్వామిని చూసి, ధ్వజస్తంభం దగ్గర కూర్చుని కరువుతీరా ఏడ్చానని చెప్పారు. మర్నాటి ఏడాది 1977లో న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో వినాయకుడి గుడి వచ్చింది. ఇవాళ ప్రతి పెద్ద ఊరి దగ్గరా మన దేవుళ్లున్నారు, మన పులిహోర ఉంది. ఆవిడ తరం వాళ్లు తమ సొంత చేతులతో వేసిన దారి అది.

అలాంటి ఆవిడ నా ఏడుపు విని అన్నారు కదా: "పిచ్చిదానా, ఇక్కడ తులసి ఏటా పోతుంది. మే నెలలో మళ్లీ వేసుకుంటాం. మొక్క పోతే దోషమేం లేదు. విత్తనాలు దాచుకోకపోతేనే తప్పు."

కుండీలో ఎండిన వెన్నులు దులిపి చూస్తే బోలెడు విత్తనాలు! కాగితంలో పొట్లం కట్టి దేవుడి దగ్గర పెట్టాను. ఆ తర్వాత ఆ దేశంలో ఉన్న ఎనిమిది శీతాకాలాలూ ఆ పొట్లం మా ఇంట్లో ఉంది.

బాగున్నానమ్మా!

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇది రాయడానికి చాలాసార్లు వెనకాడాను.

అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకి ఇక్కడ పొద్దున ఏడు. రోజూ ఆ వేళకి స్కైపులో అమ్మా నాన్నా కూర్చునేవారు. ఫోనుకి ముందు నేను మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, నవ్వు మొహం పెట్టుకునేదాన్ని. "ఎలా ఉన్నావే?" "బాగున్నానమ్మా!" "మీరెలా ఉన్నారు?" "మాకేం, బాగున్నాం." ఏళ్ల తరబడి ఇదే పాట. నేను చీకట్లో ఏడ్చిన సంగతి వాళ్లకి తెలియదు. అమ్మ బాత్రూములో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్న సంగతి నాకు రెండు నెలలు తెలియదు. కెమెరాలో ఆ చెయ్యి కనిపించకుండా కూర్చుందట!

2013లో నేను కడుపుతో ఉన్నాను. మే నెలలో బీపీ పెరిగి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. మావారి చేత 'ఊరెళ్లింది, సిగ్నల్ లేదు' అని చెప్పించాను. జూన్‌లో వరసగా పది రోజులు నాన్న తెర మీద కనిపించలేదు. ఒకరోజు 'పొలం వెళ్లారు', ఒకరోజు 'పడుకున్నారు', ఇంకోరోజు 'పెళ్లికి వెళ్లారు'. నాన్న ఆ పది రోజులూ గుండె జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నారు. పదకొండో రోజు పొద్దున మా అన్నయ్య ఫోన్ చేశాడు.

నాకప్పుడు ఎనిమిది నెలలు నిండబోతున్నాయి. డాక్టరు విమానం ఎక్కడానికి వీల్లేదంది. కడసారి చూపు లేదు. తెనాలిలో నాన్నని తీసుకెళ్తుంటే ఇక్కడ అర్ధరాత్రి, అన్నయ్య స్నేహితుడెవరో పట్టుకున్న ఫోన్‌లో, కదిలిపోతున్న బొమ్మలో చూశాను. మధ్యలో లైను తెగిపోయింది.

పెళ్లయిన కూతురికి మూడు రోజుల మైల. తలస్నానం చేసి వచ్చి ఆ ఖాళీ హాల్లో కూర్చుంటే, వచ్చి పక్కన కూలబడి ఏడ్చేవాళ్లెవరున్నారు? కింద ఫ్లాటులో గుజరాతీ ఆవిడ ఉండేది. పరిచయం అంతంతమాత్రం. ఎలా తెలిసిందో, గిన్నెలో కిచిడీ పట్టుకొచ్చింది. "చావు కబురొచ్చిన ఇంట్లో మేం పొయ్యి వెలిగించం. మీ వైపూ అంతేనా?" అని హిందీలో అడిగింది. తలూపాను. మూడు రోజులూ రెండు పూటలా తెచ్చిపెట్టింది. నా పక్కన కూర్చుని మాట్లాడకుండా చెయ్యి పట్టుకునేది. ఆచారం అంటే ఏమిటో నాకు ఆ మూడు రోజుల్లో అర్థమైంది. పుస్తకంలో లెక్కలు అటుంచండి, దుఃఖంలో ఉన్నదానికి అన్నం ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలన్నదే దాని కిటుకు.

దుఃఖం కొంత తగ్గాక కోపం మొదలైంది. 'పది రోజులు నాకెందుకు దాచారు? ఒక్కసారి ఆయన గొంతు వినేదాన్ని కదా!' అని అమ్మ మీద, అన్నయ్య మీద. ఏడాది పాటు అమ్మతో ముక్తసరిగానే మాట్లాడాను.

పురోహితుడి ప్రశ్న

బాబు పుట్టాక ఇరవై ఒకటో రోజున ఇంట్లోనే బారసాల పెట్టుకున్నాం. గుడి నించి వచ్చిన పురోహితుడు గోదావరి జిల్లా ఆయన. సంకల్పం చెప్పించే ముందు, "ఏ ఊరమ్మా?" అన్నారు.

"తెనాలండీ."

ఆయన నవ్వారు. "పుట్టిన ఊరు కాదు తల్లీ. ఇప్పుడు కూర్చున్న ఊరు."

మనం చిన్నప్పటినించీ వినే సంకల్పంలో జంబూద్వీపం, భరతఖండం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ నదుల మధ్య ఉన్నాం అని వరసగా వస్తుంది. అమెరికాలో చాలామంది పురోహితులు అక్కడ క్రౌంచద్వీపం అంటారు. వర్షం, ఖండం పేర్లూ మారతాయి. నదులకి బదులు ఆ ప్రాంతపు సరస్సులు వస్తాయి. సొంతిల్లు కాకపోతే 'వసతి గృహే' అని, అద్దె ఇల్లన్న సంగతి కూడా దేవుడికి చెప్పుకోవాలి. తిథి కూడా అంతే. ఆ ఊళ్లో సూర్యుడు ఉదయించే వేళని బట్టి చూసుకోవాలి. అందుకే కొన్ని పండగలు అక్కడ ఒకరోజు ముందు వస్తుంటాయి.

"ఎందుకండీ ఇంత వివరం? దేవుడికి తెలియదా మనం ఎక్కడున్నామో?" అని అడిగాను, ఉండబట్టలేక.

"ఆయనకి తెలుసమ్మా. మనకే తెలియాలి. నేను ఫలానా చోట ఉన్నాను, ఫలానా వేళ, ఫలానా స్థితిలో ఉన్నాను అని ఒప్పుకున్నాకే ఏ పూజైనా మొదలు" అన్నారాయన.

ఆ మాట నాలో దిగిపోయింది. మూడేళ్లుగా నేను ఎక్కడున్నానో నేను ఒప్పుకోలేదు. ఒంటితో మిచిగన్‌లో, మనసుతో తెనాలిలో ఉన్నాను. అమ్మకి అబద్ధం, నాకు అబద్ధం, దేవుడికీ అబద్ధమే! ఏ ఊళ్లోనూ లేని మనిషికి ఏ ఊరైనా ఎలా అలవాటవుతుంది చెప్పండి?

2014లో బాబుని తీసుకుని తెనాలి వచ్చాను. ఓ రాత్రి ఉండబట్టలేక అమ్మని అడిగేశాను, నాన్న సంగతి ఎందుకు దాచావని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయనే చెప్పొద్దన్నారే. కడుపుతో ఉంది, బెంగపెట్టుకుంటుందన్నారు" అని, నెమ్మదిగా అంది: "నువ్వు మాత్రం ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు చెప్పావా?"

నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం ప్రేమతోనే దాచుకున్నాం. ఆ ప్రేమే నాన్న ఆఖరి మాట నాకు దక్కకుండా చేసింది. ఆ రాత్రే ఒప్పందం చేసుకున్నాం. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక మంచి సంగతి, ఒక చెడ్డ సంగతి. రెండూ చెప్పాల్సిందే. మొదట్లో కష్టంగా ఉండేది. 'ఇవాళ మోకాళ్ల నొప్పి', 'ఇవాళ ఊరికే ఏడుపొచ్చింది' అని చెప్పుకోవడం మొదలుపెట్టాక, నాకు ఆశ్చర్యంగా, దిగులు సగమైంది. తిరిగి వెళ్లాక ఆ ఊరూ మెల్లిగా నాదైంది.

అందరి దేవుళ్లూ ప్రయాణికులే

ఇది ఒక్క మతానికి సంబంధించిన సంగతి కాదు. 2015లో రంజాన్ జూన్, జూలై నెలల్లో వచ్చింది. హైదరాబాదు నించి వచ్చిన నా స్నేహితురాలికి అక్కడ వేసవిలో రోజా అంటే దాదాపు పదిహేడు గంటలు. రాత్రి తొమ్మిది దాటాక కాని పొద్దుగూకదు. "చార్మినార్ సందడి లేని రంజాన్ ఏం రంజాన్!" అని మొదట్లో బాధపడేది. తర్వాత డియర్‌బోర్న్‌లో అరబ్బుల మసీదుకి వెళ్లింది. భాష రాదు, వంట వేరు. "నమాజులో పక్కన నిలబడితే భాషతో పనేముంది?" అంది.

గుంటూరు నించి వచ్చిన ఇంకో స్నేహితురాలికి డిసెంబరు వస్తే బెంగ. మన దగ్గర ఇంటి మీద నక్షత్రం వెలిగించి, రాత్రంతా పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. అక్కడ ఆ చలిలో ఎవరు తిరుగుతారు? ఆదివారం మధ్యాహ్నాలు ఓ అమెరికన్ చర్చి హాలు తీసుకుని తెలుగువాళ్లంతా కలిసి ప్రార్థన చేసుకునేవారు. నక్షత్రాన్ని బాల్కనీలో కట్టింది. పక్కింటి తెల్లావిడ ఆ నక్షత్రం బాగుందని తనకీ ఒకటి చేయించుకుందట.

వీళ్లెవరూ తమ భక్తిని మార్చుకోలేదు. దాన్ని నిలబెట్టే చోటు మాత్రం మార్చుకున్నారు. అంతా ఇక్కడిలాగే జరగాలని పట్టుబట్టినవాళ్లూ, ఇక్కడిదంతా వదిలేస్తేనే కలిసిపోతామనుకున్నవాళ్లూ ఇద్దరూ ఇబ్బంది పడటం చూశాను.

మేం 2019లో తిరిగొచ్చి విజయవాడలో స్థిరపడ్డాం. చిత్రమేమిటంటే, వచ్చిన కొత్తలో నాకు బెంజిసర్కిల్ హారన్ల మధ్య ఆ మంచు నిశ్శబ్దం కోసం బెంగ పట్టుకుంది! తిరిగి రావడంలోనూ ఇలాంటి కుదుపు ఉంటుందని గల్లాహార్న్ దంపతులు 1963లోనే రాశారు. తులసి విత్తనాల పొట్లం అక్కడే ఓ కొత్త పెళ్లికూతురికి ఇచ్చి వచ్చాను.

వెళ్లే అమ్మాయికి, పంపే అమ్మకి

* మొదటి ఏడాది ఏడుపొస్తే సిగ్గుపడొద్దు. దానికి గడువు ఇవ్వండి. 'అమెరికా వెళ్లి ఏడుపేమిటి' అనేవాళ్ల మాట పక్కన పెట్టండి.

* రోజులో ఒక పని వేళ తప్పకుండా చెయ్యండి. దీపం, ప్రార్థన, నమాజు, పది నిమిషాల మౌనం, ఏదైనా సరే. ఆ ఒక్క మేకుకి రోజంతా వేలాడదీసుకోవచ్చు.

* ఎండ కనిపిస్తే చలి ఉన్నా బయటికి వెళ్లండి.

* లైబ్రరీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు మొదటి ఏడాదిలోనే సంపాదించండి. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. కాగితాల నకళ్లు పుట్టింట్లో ఒక జత ఉంచండి.

* కనీసం ఒక పొరుగింటి తలుపు తట్టండి. మన భాష మనిషే కానక్కర్లేదు.

* రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది బెంగ కాదు, జబ్బు కావచ్చు. డాక్టరుకి చెప్పాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే అమెరికాలో 988 నెంబరుకి ఏ వేళైనా ఫోన్ చెయ్యవచ్చు. ఈ నెంబరు 2022 నించి ఉంది.

* ఇంట్లో కొట్టడం, తాళం వేసి ఉంచడం, ఫోన్ లాక్కోవడం సర్దుకుపోవలసిన సంగతులు కావు. 911కి ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు. వీసా భర్తదే అయినా రక్షణ మీకూ ఉంది. మన ఉపఖండపు ఆడవాళ్ల కోసమే న్యూజెర్సీలో 'మానవి' సంస్థ 1985 నించి ఉంది. ఇలాంటి సంస్థలు వేరే ఊళ్లలోనూ ఉన్నాయి.

* అమ్మలూ! 'బాగున్నావా' అని అడక్కండి. 'ఇవాళ ఏం చేశావు, ఎవరితో మాట్లాడావు' అని అడగండి. 'బాగున్నావా' అంటే 'బాగున్నా' అన్న జవాబే వస్తుంది. మీ ఒంట్లో బాగాలేకపోతే మీరూ చెప్పండి.

పక్కింటి పిన్నిగారమ్మాయి డాలస్ దగ్గర ఏదో ఊళ్లో దిగింది. వెళ్లిన మూడో వారంలో నాకు ఫోన్ చేసింది. "అక్కా, పొద్దుటినించీ ఎందుకో ఏడుపొస్తోంది. అమ్మకి చెప్పకేం. బాగున్నానని చెప్పాను" అంది.

"నేను చెప్పను. నువ్వే చెప్పు, ఇప్పుడే" అన్నాను.

సాయంత్రం పిన్నిగారు కళ్లొత్తుకుంటూ వచ్చారు. "అరగంట ఏడ్చిందమ్మా. నేనూ ఏడ్చాను. మీ బాబాయిగారికి షుగర్ పెరిగిన సంగతి చెప్పకూడదనుకున్నాను, అదీ చెప్పేశాను. చివర్లో ఇద్దరం నవ్వుకున్నాం" అన్నారు. కాఫీ ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, "ఈ మూడు వారాల్లో ఇవాళే దాని గొంతు దాని గొంతులా వినిపించింది" అన్నారు.